బిడ్డ చేత పాలు మాన్పించడం: తల్లికీ బిడ్డకూ కష్టం లేకుండా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బిడ్డకు మొదటి పుట్టినరోజు అయిందో లేదో, ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళు తల్లిని అడిగే మాట ఒకటుంది: "ఇంకా పాలు మాన్పించలేదా అమ్మా?" ఆ మాట పదిసార్లు వినేసరికి తల్లికి కంగారు మొదలవుతుంది. ఒకరోజు గట్టిగా నిర్ణయించుకుని రొమ్ముకు వేపాకు ముద్ద రాస్తుంది. లేదంటే బిడ్డను అమ్మమ్మ ఇంట్లో దింపి వచ్చేస్తుంది. ఆ రాత్రి అక్కడ బిడ్డకు నిద్ర ఉండదు. ఇక్కడ తల్లికి రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వస్తుంది. ఇంత బాధ ఎవరికీ అక్కర్లేదు. బిడ్డ కడుపు తిండితో నిండడం మొదలైన తర్వాతే పాలు తగ్గించాలి, అదీ ఒక్కొక్క పూటగా తగ్గించాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. మన తీరప్రాంతపు ఉక్కపోతలో కూడా మంచినీళ్ళు పట్టనక్కర్లేదు, పాలలోనే కావలసినంత నీరుంది. 6 నెలలు నిండగానే అదనపు ఆహారం మొదలుపెట్టి, తల్లిపాలు 2 ఏళ్ళ దాకా, తల్లీబిడ్డలకు ఇష్టమైతే ఆ పైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ప్రభుత్వ వైద్యులు చెప్పేదీ అదే. ఏడాది దాటితే పాలలో సారం ఉండదన్న మాట నిజం కాదు. రెండో ఏట కూడా బిడ్డకు కావలసిన శక్తిలో మూడో వంతు దాకా తల్లిపాల నుంచే అందుతుంది. కాబట్టి ఇరుగుపొరుగు అడిగారని మాన్పించవద్దు. మీకు అవసరమైనప్పుడు, బిడ్డ సిద్ధంగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

పాలసీసా సంగతి వేరు. దాన్ని 12 నుంచి 18 నెలల మధ్య పూర్తిగా తీసేయడం మంచిది. ఆలస్యమైన కొద్దీ అలవాటు ముదిరి, మాన్పించడం కష్టమవుతుంది. పళ్ళూ పాడవుతాయి.

బిడ్డ రోజుకు మూడు పూటలా కూర్చుని తింటూ, గ్లాసుతో నాలుగు గుటకలు తాగగలుగుతూ, నెలనెలా బరువు పెరుగుతూ ఉంటే సిద్ధమైనట్టే. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల చార్టు ఉంటుంది. అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడు గీత పైకి వెళుతోందో లేదో మీరూ చూడండి. గీత అడ్డంగా సాగుతున్నా, కిందికి దిగుతున్నా పాలు తగ్గించే ఆలోచన పక్కన పెట్టి ముందు తిండి సంగతి చూడాలి.

కొన్ని సమయాల్లో అసలు మొదలుపెట్టకూడదు. బిడ్డకు విరేచనాలు, జ్వరం ఉన్నప్పుడు, ఇల్లు మారుతున్నప్పుడు, చంటిబిడ్డ కొత్తగా ఇంట్లోకి వచ్చినప్పుడు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలతో ఇల్లు నిండినప్పుడు, సంక్రాంతి ప్రయాణాల్లో మాన్పించవద్దు. నడివేసవి కూడా వద్దు. ఆ ఎండల్లో బిడ్డ తిండి తగ్గించేస్తుంది, అప్పుడు ఆదుకునేవి తల్లిపాలే. తల్లి మళ్ళీ గర్భం దాల్చిందని తెలిసిన రోజే పాలు ఆపేసే అలవాటు కూడా మన దగ్గర ఉంది. గర్భం ఆరోగ్యంగా ఉంటే అలా ఒక్కసారిగా ఆపనక్కర్లేదు. వైద్యురాలిని అడిగి నెమ్మదిగా తగ్గించుకోవచ్చు.

ఏడాది లోపే మాన్పించక తప్పని పరిస్థితి వస్తే, తల్లిపాల స్థానంలో వైద్యులు సూచించిన డబ్బాపాలే ఇవ్వాలి, అవీ గ్లాసుతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టాలి. ఆవుపాలు, గేదెపాలు ఏడాది నిండేదాకా ప్రధానమైన పాలుగా పనికిరావు. డబ్బా మీద రాసిన కొలత కంటే నీళ్ళు ఎక్కువ కలిపి పొదుపు చేయాలని చూడవద్దు, బిడ్డ చిక్కిపోతుంది.

ముందు గిన్నె నిండాలి

పాలు మానడం లేదని బాధపడే ఇళ్ళలో చాలాసార్లు అసలు లోపం గిన్నెలో ఉంటుంది. బిడ్డకు పెడుతున్నది పప్పు మీది తేట, గంజి నీళ్ళు, పలచటి జావ. వాటితో కడుపు నిండినట్టే ఉంటుంది, గంటలో మళ్ళీ ఆకలేస్తుంది. ఆకలేసిన బిడ్డ అమ్మ కొంగు లాగక ఏం చేస్తుంది?

జావ చిక్కదనం చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చెంచాతో తీసి పక్కకు వంచండి. గబుక్కున కారిపోతే పలచనైనట్టు. చెంచాకు పట్టుకుని ఉండి, మెల్లగా జారితే సరిపోయినట్టు.

మన జిల్లాల్లో దొరికే చోళ్ళను (రాగులను) మించిన ఆరంభం బిడ్డకు మరొకటి లేదని నా నమ్మకం. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వాటిని మొలకెత్తించి పిండి చేసుకుంటే ఇంకా మేలు. పావుకిలో చోళ్ళను ఇసుక, రాళ్ళు పోయేలా గాలించి కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్ళు వంపేసి తడిగుడ్డలో మూటకట్టండి. మరునాటికి సన్నటి తెల్లటి మొలకలు కనిపిస్తాయి. నీడలో గలగలలాడేలా ఆరబెట్టి, చేతులతో నలిపి మొలకలు రాల్చి చెరగండి. సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా మాత్రమే వేయించి పిండి పట్టించండి. ఎక్కువ వేయించకూడదు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఒక ఎంజైము జావను తనంతట తానే పలచబరుస్తుంది. అందువల్ల పిండి ఎక్కువ వేసినా బిడ్డ సులువుగా మింగగలుగుతుంది, అదే గిన్నెడు జావలో ఎక్కువ బలం చేరుతుంది. మాడేలా వేయిస్తే ఆ గుణం పోతుంది. వర్షాకాలంలో మూట ముక్కవాసన వచ్చినా, బూజు కనిపించినా మొత్తం పారేయండి, కడిగి వాడవద్దు.

జావ దించాక ఒక చెంచా నెయ్యి గానీ నూనె గానీ కలపండి. పలాస జీడిపప్పు ఇంట్లో ఉంటే మెత్తగా పొడి కొట్టి అర చెంచా వేయండి. జీడిపప్పైనా వేరుశనగ గింజలైనా పలుకులుగా మాత్రం ఇవ్వకూడదు, ఊపిరిగొట్టానికి అడ్డం పడతాయి.

జావ ఒక్కటే సరిపోదు. పెసరపప్పు, అన్నం మెత్తగా ఉడికించి చేత్తో నలిపి పెట్టండి. మిక్సీలో వేసి పూర్తిగా ముద్ద చేయడం మొదటి కొద్ది వారాలకే. 8, 9 నెలలకు చిన్న చిన్న పలుకులు తగిలేలా ఉండాలి, లేకపోతే నమలడం అలవాటు కాదు. తోటకూర, మునగాకు, గుమ్మడి, బొప్పాయి, అరటిపండు, బాగా ఉడికిన గుడ్డు ఒక్కొక్కటిగా అలవాటు చేయండి. భావనపాడు, కళింగపట్నం వైపు తీరగ్రామాల్లో తాజా చేప సులువుగా దొరుకుతుంది. ముళ్ళు వేళ్ళతో తడిమి తీసి, ఉడికిన మాంసాన్ని అన్నంలో కలిపి పెడితే బిడ్డకు అంతకంటే మంచి మాంసకృత్తులు లేవు. ఎండుచేప వద్దు, అందులో ఉప్పు ఎక్కువ. అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ళ పిల్లలకు ఇచ్చే బాలామృతం ఇంట్లో అందరూ పంచుకునేది కాదు, ఆ బిడ్డ వాటా. దాన్ని వేడినీళ్ళతో కలిపి, పైన నెయ్యి వేసి పెట్టండి.

ఎంత పెట్టాలి? 6 నుంచి 8 నెలల మధ్య రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా, రోజుకు రెండు మూడు సార్లు పెట్టండి. 9 నుంచి 11 నెలలకు అర గిన్నె చొప్పున మూడు నాలుగు సార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి ఒక గిన్నె, మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్ళు. ఇవి సుమారు లెక్కలే. బిడ్డ మొహం తిప్పుకుంటే ఆపండి, మళ్ళీ గంటన్నర ఆగి చూడండి. ముక్కు మూసి మింగించడం, పడుకోబెట్టి పోయడం పూర్తిగా మానేయండి. అలా తిన్న బిడ్డకు గిన్నె చూస్తేనే భయం వేస్తుంది, ఆ భయంతో మళ్ళీ పాలనే పట్టుకుంటుంది.

ఏడాది లోపు తేనె ఇవ్వకూడదు, పుట్టగానే నాకించడం కూడా తప్పే. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లలకు ప్రాణాంతకం. ఉప్పు, పంచదార కూడా ఏడాది దాకా వద్దు. టీలో బిస్కెట్టు ముంచి పెట్టడం మన ఇళ్ళలో ముద్దుగా సాగిపోతుంది. టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇప్పటికే రక్తహీనత ఎక్కువగా ఉన్న మన పిల్లలకు ఇది నిజంగా చెడుపు చేస్తుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము సిరప్ 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా వారానికి రెండుసార్లు, ప్రతిసారీ 1 మిల్లీలీటరు వేయాలి. మలం నల్లగా వస్తే భయపడి ఆపవద్దు.

తల్లిపాలు తగ్గించడం, ఒక్కో పూట

ముందు రెండు మూడు రోజులు ఏమీ మార్చకుండా గమనించండి. బిడ్డ ఎప్పుడెప్పుడు పాలకు వస్తోంది? ఆకలేసి వచ్చిందా, నిద్రకు వచ్చిందా, మీరు కూర్చున్నారు కదా అని ఊరికే వచ్చిందా? ఊరికే వచ్చేది సాధారణంగా మధ్యాహ్నం, మీరు ఫోను చూస్తూనో టీవీ ముందో కూర్చున్నప్పుడు. మొదట తీసేయవలసినది ఆ పూటే. నిద్రకు ముందుదీ, తెల్లవారుజామున లేవగానే తాగేదీ చివరిదాకా ఉంచండి.

ఆ పూట వచ్చే సమయానికి, బిడ్డ అడగక ముందే, ఒక గిన్నెడు తిండి, ఒక గ్లాసు నీళ్ళు సిద్ధంగా ఉండాలి. అడిగి ఏడ్చాక తిండి చూపిస్తే తోసేస్తుంది. తిన్నాక వీధిలోకి తీసుకెళ్ళండి, కోళ్ళనూ దూడనూ చూపించండి, తాతయ్యకు అప్పగించండి. మీరు ఎప్పుడూ పాలిచ్చే మంచం మీదో అరుగు మీదో ఆ సమయంలో కూర్చోకండి. నైటీలో ఉంటే బిడ్డకు సులువుగా అందుతుంది, ఆ పూటకు చీర కట్టుకోవడమో ముందు తెరుచుకోని బట్ట వేసుకోవడమో చేయండి.

ఈ రోజుల్లో పాటించవలసిన నియమం ఇది: బిడ్డ అడగనిదే మీరుగా ఇవ్వకండి, దృష్టి మళ్ళించినా వినకుండా అడిగితే కాదనకండి. కాదన్న కొద్దీ పట్టు పెరుగుతుంది. ఇచ్చినప్పుడు మాత్రం కొద్దిసేపే ఇవ్వండి.

ఒక పూట మానాక కనీసం నాలుగైదు రోజులు, వీలైతే వారం ఆగండి. బిడ్డకు అలవాటు అవ్వడానికీ, మీ రొమ్ములో పాలు తమంతట తామే తగ్గడానికీ ఆ వ్యవధి కావాలి. ఆ తర్వాతే రెండో పూట. రోజుకు ఆరుసార్లు తాగే బిడ్డకు ఇలా మొత్తం నెల నుంచి నెలన్నర పడుతుంది. మధ్యలో జలుబో దగ్గో వచ్చి బిడ్డ మళ్ళీ పాలు కావాలంటే ఇచ్చేయండి. తగ్గాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టండి. దీనిని ఓటమి అనుకోవద్దు.

ఏడాదిన్నర దాటిన పిల్లలకు మాట అర్థమవుతుంది. "అన్నం తిన్నాక", "చీకటి పడ్డాక" అని చెప్పండి, చెప్పినట్టే చేయండి. మాట తప్పితే మరోసారి నమ్మరు.

వేపాకు, కాకర రసం, కారం, కలబంద రాయడం గురించి ఒక్క మాట. చేదు తగిలిన బిడ్డ పాలు మానేయవచ్చు, కానీ ఎందుకు మానవలసి వచ్చిందో దానికి తెలియదు. ఇన్నాళ్ళూ ఊరడించిన చోటే భయపెట్టింది. కారం బిడ్డ కళ్ళలో పడుతుంది, మీ చనుమొన పగులుతుంది. బిడ్డను నాలుగు రోజులు ఊరికి పంపేయడం ఇంకా కఠినం, పాలతో పాటు అమ్మ కూడా మాయమవుతుంది. మన అమ్మమ్మలు చేశారు కదా అంటారు. వాళ్ళకు వేరే దారి చెప్పినవాళ్ళు లేరు. మనకు వేరే దారి ఉంది.

రాత్రి పూట

అందరూ భయపడేది దీనికే. ఏడాది దాటి, పగలు మూడు నాలుగు పూటలా బాగా తిని బరువు పెరుగుతున్న బిడ్డకు రాత్రి పాలు ఆకలికి అవసరం లేదు, నిద్రలోకి జారడానికే కావాలి. అందుకే ముందు పాలనూ నిద్రనూ విడదీయాలి. రాత్రి అన్నం ఆలస్యంగా కాకుండా ఏడున్నర లోపు పెట్టండి. పాలు దీపం వెలుతురులోనే, కూర్చుని ఇవ్వండి. తర్వాత నోరు తుడిచి, దీపం ఆర్పి, పక్కన పడుకోబెట్టుకుని జోకొట్టండి. మొదట్లో ఏడుస్తుంది. మీరు పక్కనే ఉండి ఒళ్ళు నిమురుతూ ఉంటే అది ఒంటరి ఏడుపు కాదు.

నడిరాత్రి లేచినప్పుడు తండ్రో నాయనమ్మో ఎత్తుకుని, రెండు గుటకలు నీళ్ళు పట్టి, భుజాన వేసుకుని తిప్పితే పని సులువవుతుంది. అమ్మ పాల వాసన దగ్గర ఉంటే బిడ్డ ఊరుకోదు. మన జిల్లాల నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో పనులకు వెళ్ళి, ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఇంటికి వచ్చే తండ్రులున్నారు. వచ్చిన మర్నాడే ఆయనకు ఈ పని అప్పగించకండి. బిడ్డకు ఆయన ఇంకా కొత్త. పగలు ఒళ్ళో కూర్చుని అన్నం తినేంత చనువు ముందు ఏర్పడనివ్వండి.

పనికి వెళ్ళే తల్లికి

పనికి వెళ్ళాలంటే పాలు మాన్పించాల్సిందేనని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. పగలు తిండి, పొద్దునా సాయంత్రమూ రాత్రీ తల్లిపాలు అనే పద్ధతి ఏళ్ళ తరబడి సాగించవచ్చు. 6 నెలల బిడ్డ కోసం పాలు పిండి ఉంచాలంటే శుభ్రమైన మూత స్టీలు గిన్నెలో పెట్టండి. గది వేడి 25 డిగ్రీలు దాటకపోతే 4 గంటలు నిలుస్తాయి. మన ఎండల్లో గదిని నమ్మవద్దు, ఫ్రిజ్‌లో పెట్టుకుంటే 4 రోజుల దాకా వాడుకోవచ్చు. ప్రసూతి ప్రయోజనాలు చట్టప్రకారం వర్తించే సంస్థల్లో బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పని మధ్యలో రెండుసార్లు పాలిచ్చే విరామం మీ హక్కు. ఉపాధి హామీ పనిచోట చిన్నపిల్లలు అయిదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలి. పని చూసుకునే మేటును అడగండి.

పలాస వైపు జీడిపిక్కల పనికి వెళ్ళే తల్లులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. సాయంత్రం గుమ్మంలోకి రాగానే బిడ్డ కాళ్ళకు చుట్టుకుంటుంది, వెంటనే ఎత్తుకోవాలని మీకూ ప్రాణం కొట్టుకుంటుంది. అయినా ఆ కాసేపు ఇంట్లో వాళ్ళు బిడ్డను పట్టుకోవాలి. ముందు చేతులు మోచేతుల దాకా, గోళ్ళ సందులు కూడా సబ్బుతో రెండుసార్లు కడిగి, బట్టలు మార్చుకుని, అప్పుడు ఎత్తుకోండి.

సీసా తీసేయడం

6 నెలలకే గ్లాసు పరిచయం చేసినవాళ్ళకు ఈ బాధ సగం తగ్గుతుంది. చిన్న స్టీలు గ్లాసులో రెండు చెంచాల నీళ్ళు పోసి, బిడ్డ కింది పెదవికి ఆనించి ఊరికే వంచి పట్టుకోండి, నోట్లో పోయకండి. తనే చప్పరిస్తుంది. సగం ఒలుకుతుంది, ఒలకనివ్వండి.

ఇక్కడా క్రమం అదే. పగటి సీసా ముందు, పడుకునే ముందు సీసా చివర. పగటి పాలు గ్లాసులోకి మార్చాక, రాత్రి సీసాలో పాలు రెండు మూడు రోజులకొకసారి 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గించండి. ఏడాది దాటిన బిడ్డకైతే పాలలో నీళ్ళు కొద్దికొద్దిగా పెంచుతూ చివరికి నీళ్ళ సీసా చేసే పద్ధతి కూడా పనిచేస్తుంది. ఏడాది లోపు బిడ్డకు మాత్రం ఎన్నడూ ఇలా చేయకండి. చివరికి సీసా, దాని పీక ఇంట్లోంచి తీసేయండి. అటక మీద దాచినా కష్టమైన రాత్రి మళ్ళీ మీ చేతికే వస్తుంది.

సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు రాత్రంతా పాలు పళ్ళ మీద నిలిచి ముందుపళ్ళు నల్లబడి పుచ్చిపోతాయి. చెవిపోటు, చెవిలో చీము కూడా ఎక్కువ. పైగా రోజంతా సీసా పాలతో కడుపు నింపుకునే బిడ్డ అన్నం ముట్టదు. ఏడాది దాటాక రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు. లీటరు పాలు తాగుతున్నాడని మురిసిపోయే ఇళ్ళలోనే పాలిపోయిన పిల్లలు కనిపిస్తారు, ఎందుకంటే ఆవుపాలలో ఇనుము దాదాపు లేదు. సీసాలనూ డబ్బాపాలనూ ప్రచారం చేయకుండా మన దేశంలో 1992 నుంచే చట్టం ఉంది. ఎవరైనా ఉచితంగా డబ్బా ఇస్తామంటే తీసుకోకండి.

తల్లి రొమ్ముల సంరక్షణ

ఒక పూట మానాక పాలు చేపి బరువెక్కితే, నొప్పి తగ్గేంత మాత్రమే చేత్తో పిండండి. పూర్తిగా పిండితే ఒళ్ళు మళ్ళీ అంతే తయారు చేస్తుంది. చల్లటి తడిగుడ్డ వేసుకోండి. మల్లెపూలు కట్టే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉంది. 1988లో ఒక వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన, ప్రసవమైన తల్లుల్లో మల్లెపూలు కట్టినా, బ్రోమోక్రిప్టిన్ మాత్ర ఇచ్చినా పాలు తగ్గాయని చూపింది. పూలు కట్టుకోవచ్చు. మాత్ర మాత్రం మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు, దానికి ప్రమాదకరమైన దుష్ఫలితాలున్నాయి. గుడ్డతో బిగించి కట్టుకోవద్దు, పాలు గడ్డకడతాయి. నీళ్ళు తాగడం తగ్గించవద్దు.

ఒక చోట ఎర్రబడి, వేడిగా, ముట్టుకోనివ్వని నొప్పి వచ్చి, చలిజ్వరం మొదలైతే పాలు మాన్పించే పని ఆపి, ఆ వైపు పాలు తీస్తూ ఉండండి. ఒక రోజులో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. ఆలస్యం చేస్తే చీముగడ్డ అవుతుంది.

పాలు తగ్గేకొద్దీ కొందరు తల్లులకు కారణం లేకుండా ఏడుపు, నిరాశ వస్తాయి. ఒంట్లో హార్మోన్లు మారడం వల్ల ఇది జరుగుతుంది, మీ బలహీనత కాదు. రెండు వారాలు దాటినా వదలకపోతే డాక్టరుకు చెప్పండి. పాలిస్తున్నంత కాలం గర్భం రాదన్న ధీమా కూడా వద్దు. ఆ రక్షణ మొదటి 6 నెలలకే, అదీ తల్లిపాలు మాత్రమే ఇస్తూ నెలసరి రాకపోతేనే. మరో బిడ్డకు ఎడం కావాలంటే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంను అడిగి తగిన పద్ధతి ఎంచుకోండి.

మాన్పించే రోజుల్లో బిడ్డకు విరేచనాలు మొదలైతే పాలు, తిండి ఆపవద్దు. ఓఆర్ఎస్ పట్టండి, 14 రోజులు జింకు మాత్రలు వాడండి. కళ్ళు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా 108కి ఫోను చేయండి. అంగన్‌వాడీలో మోచేతి పైభాగపు చుట్టుకొలత తీస్తే 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్ళాలి.

పూర్తిగా మానేశాక కూడా కొన్ని వారాల పాటు చనుమొన నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావడం మామూలే. బిడ్డ నెల తర్వాత ఒకరోజు హఠాత్తుగా మళ్ళీ అడగవచ్చు. ఒకసారి నోరు పెట్టి, పాలు రాక, తనే వదిలేసి వెళ్ళిపోతుంది. గడ్డలాంటిది చేతికి తగిలి తగ్గకుండా ఉన్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యురాలికి చూపించండి.